ఐదు లెక్కపెట్టేదాకా

"మళ్ళీ వంగండి," అంది మిజుహో. "మూడుకే లేచారు. మూడుకి లేస్తే పొగరంటారు, ఏడు దాటితే నాటకమంటారు. ఐదు. లెక్కపెట్టుకోండి."

నెగొరో వంగాడు. అరవై ఒక్కేళ్ళ మనిషి, చేపముద్దల కంపెనీకి అధ్యక్షుడు. ఆయన సరుకు తిని పందొమ్మిది మంది బడిపిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. ఒక పాపకి ఇంకా స్పృహ రాలేదు. గంటలో విలేకరుల ముందు నడుం వంచి క్షమాపణ చెప్పాలి. ఒకప్పుడు టీవీ విలేకరిగా ఇలాంటి పెద్దమనుషుల్ని ఉతికి ఆరేసిన మిజుహో ఇప్పుడు వాళ్ళకే పాఠాలు చెబుతోంది. అన్నం పెట్టే విద్య ఏదైతేనేం అని సర్దిచెప్పుకుని చాన్నాళ్ళైంది.

"శీతల గది పాడైందని మీకెప్పుడు తెలిసింది?" విలేకరిలా గద్దించింది.

"సోమవారమే," అని నసిగాడు నెగొరో. "ఆర్డర్లు పోతాయని ఊరుకున్నాను."

సరుకు బడికి వెళ్ళింది బుధవారం. మిజుహో గబుక్కున తలుపు మూసి వచ్చింది.

"ఆ మాట నేను వినలేదు. 'విచారణ జరుగుతోంది' అనండి, చాలు. తడబడితే హాలు చివర్నుంచి అట్ట మీద రాసి చూపిస్తాను, చదివేయండి."

"ఆ పాప ఇక లేవకపోతేనో, మిజుహో గారూ?"

"చేతి గడియారం తీసెయ్యండి. ఖరీదైనవి కనబడకూడదు." తన గొంతు తనకే రోత పుట్టించింది.

రెండింటికల్లా హాలు కిక్కిరిసిపోయింది. నెగొరో నిలబడి వంగాడు. కెమెరాలు టకటకలాడాయి. అంతలో స్పీకర్లలోంచి గుసగుస వినబడింది.

"ఒకటి... రెండు... మూడు..."

కోటుకి తగిలించిన మైకు సంగతి ఎవరికీ తోచలేదు. నేర్పిన మిజుహోకీ తోచలేదు. దేశమంతా చూస్తుండగా ఆయన ఐదు పూర్తిచేసి మరీ తలెత్తాడు.

ముందు వరసలో ఒకామె లేచింది. "లెక్క సరిపోయిందా అధ్యక్షులవారూ? ఇది కూడా చెప్పండి. శీతల గది పాడైందని మీకెప్పుడు తెలిసింది?"

నెగొరో మొహం కందగడ్డలా అయింది. ఆయన చూపు అందర్నీ దాటి మిజుహో దగ్గర ఆగింది. ఆమె అప్పటికే 'విచారణ జరుగుతోంది' అని రాసిన అట్ట ఎత్తి పట్టుకుంది. ఆ పాప తల్లి కూడా ఆస్పత్రిలో ఇదే టీవీ చూస్తుంటుందని అప్పుడు తట్టింది. సిగ్గేసింది. అట్ట దించి, మడిచి, సంచిలో కుక్కేసింది.

"సోమవారం," అన్నాడు నెగొరో. "తెలిసీ పంపించాను."

హాలు గగ్గోలెత్తింది. ఆయన మళ్ళీ వంగాడు. ఈసారి మైకులో అంకెలేవీ వినబడలేదు. అలవాటుకొద్దీ మిజుహో లోలోపల లెక్క మొదలెట్టి, ఐదు దాటాక మానేసింది.