మూత మీది నిప్పులు

పిండిని ఎక్కువ పిసకొద్దని మణెమ్మకు అది మూడోసారి చెప్పడం. ఆ పిల్ల జొన్నరొట్టెకు పిసికినట్టు అరచేత్తో అదుముతోంది. "గట్ల కాదే, వెన్న కరిగిపోతది. వేళ్ల కొసలతోని కలుపు," అంటూ పళ్ళెం నా ముందుకు లాక్కున్నాను. ఎండెక్కక ముందే పిండి కలిపేయాలి. ఆ తర్వాత ఎంత చన్నీళ్ళలో పెట్టినా వెన్న నిలవదు.

నా భర్త గోవిందు నాగర్‌కర్నూల్ బంగ్లాలో వంటవాడు. యుద్ధం జరుగుతున్న రోజులవి. కాలువల సర్వేకు వచ్చిన ఇంగ్లీషు దొర, దొరసాని రెండేళ్ళుగా ఆ బంగ్లాలోనే ఉంటున్నారు. మేము వెనక పెంకుటింట్లో ఉండేవాళ్ళం. వచ్చిన కొత్తలో దొరసాని మా ఆయనకు కాబ్లర్ అనే వంటకం నేర్పింది. అడుగున చక్కెర కలిపిన పండ్ల ముక్కలు, పైన మైదాపిండి ముద్దలు, కిందా మీదా నిప్పులు. ఆయన మూడుసార్లు మాడ్చాడు. మూడోసారి దొరసాని ఏమందో ఏమో, ఇంటికొచ్చి ఆ కోపం నా వీపు మీద తీర్చుకున్నాడు. మర్నాడు ఆమె చెప్పినదాంట్లో ఆయనకు గుర్తున్న నాలుగు ముక్కలు అడిగి తెలుసుకుని, కొల్లాపూర్ మామిడిపండ్లతో నేను చేశాను. కింద నిప్పులు తక్కువ, మూత మీద ఎక్కువ ఉండాలని నాకు ఎవరూ చెప్పలేదు. చేతులు కాల్చుకుని తెలుసుకున్నాను.

అప్పటినుంచీ చేసేది నేను, గిన్నె మోసుకెళ్ళేది ఆయన. "నువ్వు దొరసాని కంట్ల పడకు, ఆమెకు నచ్చది," అన్నాడు. ఆమెకు నచ్చదని ఆమె ఎప్పుడు చెప్పిందో నాకు తెలియదు. మా వంటింటి కిటికీలోంచి బంగ్లా వసారా వైపు చూసేదాన్ని. దొరసాని ఒక చెంచా నోట్లో పెట్టుకుని ఆయన వైపు చూసి నవ్వేది. ఆయన తలపాగా సర్దుకుని వంగి సలాం చేసేవాడు. ఇక్కడ మా అత్త సుభద్రమ్మ, "మొగోడు నౌకరి చేసి చస్తుండు, నీకేంది, కూసొని తింటున్నవ్," అనేది. పిల్లలు పుట్టలేదని ఆ మాటకు ఎప్పుడూ ఇంకో మాట చేర్చేది.

ఆ ఏడు ఉగాది దాటాక దొరకు హైదరాబాదు బదిలీ అయింది. వంటవాణ్ణి కూడా రమ్మన్నారు. నేను లోలోపల పొంగిపోయాను. ఆ వారమే తెలకపల్లి నుంచి మా ఆడబిడ్డ కూతురు మణెమ్మ వచ్చింది. పదహారేళ్ళు. "దీనికి గా వంట నేర్పియ్యి. చెయ్యి సాయముంటది," అన్నాడు ఆయన. నేర్పాను. పిల్ల నెమ్మదస్తురాలు, అత్తా అత్తా అంటూ నా వెంటే తిరిగేది.

ముందురోజు రాత్రి అన్నం తింటున్నప్పుడు, "అత్తా, జర చారు పొయ్యి," అంది. మా అత్త తలెత్తకుండానే, "అత్త గాదే, ఇగ అక్క అనాలె," అంది. మణెమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. తనకూ ఆ క్షణం దాకా తెలియదని దాని మొహమే చెప్పింది. నేను ఆయన వైపు చూశాను. "దీన్ని పట్నం తీస్కపోత. అందరం పోతె అమ్మనెవరు చూస్తరు? నువ్వు ఈడ ఉండు," అన్నాడు, బస్సు ఎన్నింటికో చెప్పినంత మామూలుగా.

తెల్లవారేసరికి ఒకటి నిశ్చయించుకున్నాను. అన్నీ నేర్పాను కానీ చివరిది నేర్పలేదు. గిన్నె ఎప్పుడు దించాలన్నది చూస్తే తెలియదు, వినాలి. మూత తీసి చూస్తే పిండి కూలిపోతుంది. అది చెప్పను. హైదరాబాదులో దొరసాని ముందు ఆయన మళ్ళీ మాడిన గిన్నె పెట్టాలి.

మణెమ్మ గిన్నెను పొయ్యి మీదికెక్కించి, పట్కారుతో మూత మీద నిప్పులు పేరుస్తోంది. ఒక నిప్పు జారి మణికట్టు మీద పడింది. అరవలేదు. పెదవి కొరుక్కుని, చెయ్యి కొంగులో దాచుకుని, తప్పు చేసినదానిలా నా వైపు చూసింది. మాడిన గిన్నె దొరసాని ముందుకు వెళ్తే, ఆ కోపం ఎవరి వీపు మీదికి వస్తుందో అప్పుడు తట్టింది నాకు.

"ఇటు రా," అన్నాను. కాలిన చోట వెన్న రాసి, దాని తల గిన్నె దగ్గరికి వంచాను. "విను. రసం గలగలమంటది గద. అది చిక్కబడి, ఆగి ఆగి బుడగ పలుకుతది. అప్పుడు కింది నిప్పులు తీసెయ్. మీదియి ఇంకింతసేపు ఉండనియ్."

ఇద్దరం చెవులొగ్గి కూర్చున్నాం. బుడగ నెమ్మదించగానే తనే నిప్పులు లాగింది.

"ఇంకోటి చెప్త," అన్నాను. "పట్నంల గిన్నె ఆయన చేతికియ్యకు. నువ్వే మోస్కపోయి దొరసాని ముందట పెట్టు. ఎవరు చేసిన్రంటే నీ పేరు చెప్పు."

మణెమ్మ గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "మామ కొడితే?"

"కొడ్తడు," అన్నాను. "నేను రెండేండ్లు చెప్పకుంట ఊకున్న. అయినా కొట్టిండు."