చీకటి చూపాల్సిన చుక్క

నేను ఒక కుందేలు రక్తం మీద తేలిన పసుపురంగు నీటిని. చిటికెన వేలి కణుపంత ప్లాస్టిక్ సీసాల్లో, సున్నాకి ఇరవై డిగ్రీల కింద, గడ్డకట్టి నాలుగేళ్లు బతికాను. నా మూతల మీద నల్ల సిరాతో ‘ముందు రక్తం’ అని రాసి ఉంటుంది. రాయలసీమలో ఒక వేరుశనగ పరిశోధనా కేంద్రం నా ఊరు. దాని పేరు నాకెందుకు లెండి, నాకు దిగులంతా ఒక మనిషి గురించి. అతనికి మూడెకరాల చేను ఉంది. ఆ చేను ఎండిపోయేలా ఉందని నాకు తెలుసు, అతనికి తెలియదు.

అతని పేరు ఎర్రిస్వామి. కేంద్రంలోని జంతుశాలను చూసుకుంటాడు. కొన్న మేత గుళికలు తప్ప మరేదీ పెట్టకూడదని బోనుల పక్కన గోడకి కాగితం అంటించి ఉంది. ఎర్రిస్వామి చదువుకున్నవాడే, ఆ కాగితం చదివాడు కూడా. కానీ పచ్చికన్నది ఎరుగకుండా ఆ ఎండు గుళికలు కొరుక్కునే తెల్ల కుందేలును చూస్తే అతనికి కడుపు తరుక్కుపోయేది. రోజూ పొద్దున్నే తన చేలోంచి గుప్పెడు వేరుశనగ ఆకు కోసి, అన్నం గిన్నె ఉన్న సంచిలోనే దాచి తెచ్చేవాడు. కుందేలు కళ్లు మూసుకుని నమిలేది. అలా నమిలీ నమిలీ, వేరుశనగ ఆకంటే ఏమిటో దాని రక్తానికి బాగా తెలిసిపోయింది. ఆ ఆకులోని ప్రోటీన్ ఎక్కడ కనిపించినా పట్టుకునే గుణం నాలోకి వచ్చేసింది. నేను ఏమీ ఎరగని రక్తాన్నని అందరూ అనుకున్నారు. పుట్టుకతోనే నా మీద పడ్డ అబద్ధం అది.

ఒకరోజు కుందేలు చెవి నరంలోంచి నన్ను తీశారు. తర్వాతే దానికి సూది మందు మొదలైంది. నీళ్లు తగ్గినప్పుడు మొక్క తన ఒంట్లో తనే చేసుకునే ఒక హార్మోను ఉంది. ఆకు మీది సన్నటి రంధ్రాలను మూసేయమని, ఉన్న తడిని కాపాడుకోమని అది హెచ్చరిస్తుంది. కరువు హార్మోను అనుకోండి. అది మరీ చిన్నది. ఒక్కదాన్నే ఎక్కిస్తే కుందేలు ఒళ్లు పట్టించుకోదని, ఆవు ప్రోటీన్‌కి అతికించి ఎక్కించారు. మూడు నెలల తర్వాత మళ్లీ రక్తం తీశారు. కరువు హార్మోనును వెతికి పట్టుకునే ఆ రక్తం నా తమ్ముడు. కుందేలు ఆ తర్వాత ఎక్కువ రోజులు లేదు. ఎర్రిస్వామి ఆ వేళ అన్నం తినలేదు.

నా తమ్ముడంటే అందరికీ ముద్దే. వాడు ముట్టుకున్న చోట ఆకు కణాల్లో పచ్చటి వెలుగు కనిపిస్తుంది, హార్మోను అక్కడుందని అర్థం. నా పని వేరు. అదే ఆకు ముక్క మీద నన్నూ ఒక చుక్క వేస్తారు. నేను చీకటిగా ఉండాలి. నేను చీకటిగా ఉంటేనే వాడి వెలుగు నిజం. లోకంలో ఏమీ చేయకపోవడమే పనిగా పుట్టినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి, తర్వాత ఈ కేంద్రంలో కొందరు అధికారులను చూశాక ఆ గర్వం తగ్గింది.

సువర్చల అనే అమ్మాయి పీహెచ్‌డీకి ఇక్కడ చేరింది. గుంటూరు వైపు పిల్ల, పనిమంతురాలు, అబద్ధం ఆడటం చేతకాదు. ఆమె చేతికి రెండు వేరుశనగ రకాలు ఇచ్చారు, ముప్పైరెండు, నలభైఏడు. వీటిలో కరువుకు తట్టుకునేది ఏదో తేల్చాలి. వరసగా రెండేళ్లు వానలు దండిగా కురవడంతో చేలో పరీక్ష పెట్టినా ఏమీ తేలలేదు. ఆకునే అడుగుదాం, కరువు హార్మోను ఏ రకంలో ముందుగా చేరుతుందో దాన్నే రైతులకిద్దాం అన్నారు ఆమె గైడు పరాంకుశం గారు. ఆయన మరుసటి మార్చికి రిటైరవుతారు. చెడ్డవాడు కాదు. పాతికేళ్లుగా నలభైఏడును కన్నబిడ్డలా పెంచారు. చెడ్డవాడయితే నాకింత భయం వేసేది కాదు.

సువర్చల ఆకులను మైనంలో పెట్టి ఉల్లిపొర కన్నా పల్చగా కోసింది. తమ్ముణ్ణి ఒక చుక్క వేసింది, రంగు కలిపింది, సూక్ష్మదర్శిని కింద పెట్టింది. నలభైఏడు ఆకులో రంధ్రాల చుట్టూ పచ్చగా వెలుగు. ముప్పైరెండులో అంతంత మాత్రం. ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. పరాంకుశం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

తర్వాత నా వంతు వచ్చింది. స్లైడు మీద పరుచుకోగానే నాకు పాత రుచి తగిలింది. పొద్దుటి మంచు తడిసిన ఆ ఆకే. నేను ఆగలేకపోయాను. నాకు తెలిసిన ప్రోటీన్ నలభైఏడులో కాస్త ఎక్కువుంది, దాన్ని గట్టిగా పట్టుకున్నాను. సువర్చల కంటిని అద్దానికి ఆనించి, రెండు స్లైడులనూ మార్చి మార్చి చూసింది. తమ్ముడి స్లైడులో ఎక్కడెక్కడ వెలుగుందో, నా దానిలోనూ అక్కడే ఉంది, అంతే ఉంది. అంటే తమ్ముడు చూపించింది కరువు హార్మోను కాదు. మేమిద్దరం ఒకే కుందేలు తిన్న మేతను చూపిస్తున్నాం.

ఆమె మళ్లీ చేసింది. మూడోసారి కూడా చేసింది. చివరికి పరాంకుశం గారిని పిలిచింది.

“సార్, కంట్రోల్ కూడా, అదే ముందు రక్తం కూడా వెలుగుతోందండీ.”

ఆయన చూశారు. చూసి, కుర్చీలో వెనక్కి వాలారు. “ఆ మొదటిదానికి కెమెరా ఎంతసేపు తెరిచావమ్మా, ఎక్స్‌పోజర్ ఎంతిచ్చావు?”

“రెండు సెకన్లండీ.”

“దీనికి పావు సెకను ఇవ్వు. చీకటిగానే వస్తుంది.”

“రెండింటికీ ఒకటే ఇవ్వాలి కదండీ...”

“నలభైఏడు మంచి రకం, సువర్చలా. నాకు తెలుసు. పాతికేళ్లు చూశాను. ఈ ఫొటో కేవలం కాగితం మీద పెట్టడానికి. ఊరికే మనసు పాడు చేసుకోకు.”

ఆమె కెమెరాను పావు సెకనుకు మార్చి, మీట మీద వేలు పెట్టింది. అక్కడున్న నేను అరవగలిగితే అరిచేవాణ్ణే. పావు సెకను గడిచింది. ఫొటోలో నేను నల్లగా, నిక్షేపంగా, ఏ పాపమూ ఎరగనట్టు వచ్చాను. నాకు నా మీదే అసహ్యం వేసింది.

ఆ రెండు ఫొటోలనూ తలుపంత పెద్దవి చేసి రైతు సదస్సులో పెట్టారు. నలభైఏడు విత్తనం కొందరు రైతులకు ఉచితంగా పంచారు. ఆ రోజు కుర్చీలు సర్దడానికి వెళ్లిన ఎర్రిస్వామి ఫొటో ముందు నిలబడి కదల్లేదట. మర్నాడు ప్రయోగశాలకు వచ్చి మరీ చెప్పాడు. “ఆకులో దీపాలు పెట్టినట్టుండాదమ్మా! నాకూ ఇత్తనం ఇచ్చినారు. దేవుడు మీ సేత సెప్పించినాడు.” నేనప్పుడు మంచుపెట్టెలో, ఆమె మోచేతి దగ్గరే ఉన్నాను. సువర్చల నవ్వింది. ఆ నవ్వు పెదాలు దాటలేదు.

జూలైలో విత్తారు. ఆగస్టు మొదట్లో ఒక ఉత్తరం వచ్చింది. ఆ ఫొటోలతో వాళ్లు రాసిన వ్యాసాన్ని అచ్చువేయబోయే సైన్సు పత్రికవాళ్లు, ‘ముందు రక్తం’ కొంచెం పంపితే వేరే చోట ఒకసారి పరీక్షిస్తామన్నారు. నా ప్రాణం లేచివచ్చింది. నన్ను ఎవరైనా రెండు సెకన్లపాటు చూస్తే చాలు, అంతా బయటపడుతుంది. పరాంకుశం గారు ఉత్తరం మడిచి, “అయిపోయిందని రాసెయ్యి” అన్నారు.

చెప్పాను కదా, ఆమెకు అబద్ధం ఆడటం చేతకాదు. అందుకని ముందు దాన్ని నిజం చేసి, తర్వాత రాయాలనుకుంది. ఫ్రీజరు తెరిచి, నా సీసాలన్నీ ఏరింది, ఐదున్నాయి. చేతి తొడుగులతో, వాడేసిన స్లైడులతో కలిపి ఎర్ర సంచిలో వేసింది. ఆవిరితో ఉడికించి పారేసే చెత్త ఆ సంచిలోకి పోతుంది. సంచి తలుపు దగ్గర పెట్టి బల్ల దగ్గరికి వెళ్లి, ఉత్తరం మొదలుపెట్టి ఆపేసింది. నేను నెమ్మదిగా కరుగుతున్నాను.

సంచి తీసుకుపోవడానికి వచ్చినవాడు ఎర్రిస్వామి.

“పెద్ద కుక్కర్‌లోకేనామ్మా ఇది?”

“ఆ.” సువర్చల తల తిప్పలేదు. “మీ వైపు వాన పడిందా అన్నా?” అంది.

“ఇత్తిన మర్నాడు పడిందే. మళ్లా సుక్క లేదు. ఇరవై నాలుగు దినాలాయె. పక్క సేన్లు కూడా వాడుముఖం పట్టినాయి.”

“పాత విత్తనం ఒక మూలకైనా వేశావా?”

“యాలమ్మా? పాతదంతా గానుగకేసి నూనె ఆడించేసినా. మూడెకరాలూ మీ నలభైఏడే.” అతను సంచి భుజానికెత్తుకుంటూ నవ్వాడు. “మాయమ్మ తిట్టె, కొత్త ఇత్తనాన్ని నమ్మి అంతా ఏస్తావారా అని. ఫొటో నువ్వు సూల్లేదులే, ఆ ఇత్తనంకాడ తెలివుండాదిలే అంటి.”

వేరే పంటకు అదును దాటడానికి ఇంకా పది రోజులు టైముంది. ఈలోగా చెప్తే, ఉన్నది దున్నేసి ఉలవలు చల్లుకుంటాడు. ఏడాదికి ఇంట్లోకి తిండి, గొడ్లకు మేత దక్కుతాయి. ఈ లెక్క ఆమెకు నాకన్నా బాగా తెలుసు. ఆమె కుర్చీలోంచి లేచింది. నాలుగేళ్లలో నేను ఎవరి నోటి కోసమూ అంతగా ఎదురుచూడలేదు.

“అన్నా.”

“సెప్పమ్మా.”

అతను సంచితోనే నిలబడ్డాడు. ఆమె అతని ముఖం చూసింది, సంచి చూసింది. 

“ఆ సంచి ఒంటికి తగలకుండా పట్టుకో. లోపల గాజు ముక్కలున్నాయి.”

“అట్లనేలేమ్మా. ఎంత బాగా సూసుకుంటావో మమ్మల్ని!”

అతను సంచిని భుజం మీంచి దించి, చేయి చాచి దూరంగా పట్టుకుని నడిచాడు. నడవ పొడుగునా ఏదో కూనిరాగం తీశాడు. పెద్ద కుక్కర్‌లో నన్ను మెల్లగా దించాడు, ఒకప్పుడు కుందేలును బోనులోకి దించినంత మెల్లగా. మూత మూసి, ఆరు మరలూ ఒకదాని తర్వాత ఒకటి, శ్రద్ధగా బిగించాడు.