పెరటికి దారి

మట్టి తట్ట నెత్తికెత్తుకుని సందులోకి అడుగుపెట్టగానే కూర్మయ్య ముక్కుతో గాలి పీల్చడం మానేశాడు. నోటితో పీలిస్తే కంపు కాస్త తక్కువ తెలుస్తుంది. ఒక పక్క శ్యాంసుందర్ కొత్త ఇంటి గోడ, ఇంకో పక్క లాడ్జీ గోడ, మధ్యన ఒక్క మనిషి పట్టేంత జాగా. అందులో అడుగంతా మురుగే. లాడ్జీ పాయిఖానా గొట్టాలు ఎప్పుడు పగిలాయో ఎవరికీ పట్టలేదు. వాటిలోంచి వచ్చిందంతా నల్లగా, జిగటగా కాళ్ల కింద పారుతుంది. కాలు తీసినప్పుడల్లా చప్పుడవుతుంది. 

కాశీబుగ్గలో కొండని సగం చెక్కి కట్టిన ఇల్లది. ముందు రోడ్డు, వెనక నిటారుగా కొండ. ఆ వాలులో మెట్లు మెట్లుగా రాతి గట్లు కట్టి, ఎర్రమట్టి నింపి, పచ్చగడ్డి పరిచి, పైన ఉయ్యాల వేయించాలని ఇంటావిడ సుధారాణి కోరిక. ఫోనులో ఏ దేశానిదో వీడియో చూసింది. శ్యాంసుందర్ జీడిపప్పు వ్యాపారి, కలిగినవాడు, కాదనలేదు. ఎవరి పిచ్చి వారికి ఆనందం. అయితే యంత్రం పోవడానికి దారేదీ? అంగుళం వదలకుండా గోడలు కట్టేశారాయె. అందుకని రోడ్డు మీద మట్టి గుట్ట పోయించి, మనుషుల నెత్తి మీద కొండెక్కిస్తున్నారు.

పెరట్లోకి ఇంకో దారి లేకపోలేదు. వీధి గుమ్మం, హాలు, వంటిల్లు, పెరటి తలుపు. నున్నటి దారి. పని మొదలైన రోజు కూర్మయ్య గునపం భుజాన వేసుకుని ఆ దారినే వెళ్లబోయాడు. సుధారాణి గుమ్మానికి అడ్డం పడింది.

"కొత్తింట్లోకి గునపం బుజానేసుకొని వచ్చేత్తన్నావేటి? బుద్దుండక్కర్లేదా?"

తప్పు తనదేననుకున్నాడు. గునపం భుజాన పెట్టుకుని ఇంట్లో నడిస్తే గొయ్యి తవ్వడానికి వచ్చినట్టే లెక్క. తనింట్లోకి ఎవడైనా అలా వస్తే తానే తన్ని తగలేసేవాడు. కాబట్టి సందు దారి పట్టాడు.

ఇవాళ పూండిలో రైలెక్కినప్పటి నుంచీ ఎడమ భుజం లాగుతోంది. సందు దాటాక తట్టతో రాళ్లు పట్టుకుని పైకి పాకాలి. తోటి కూలి మహాలక్ష్మి అతని ఊరిదే, వరసకి మరదలు. పైనుంచి తట్ట అందుకుంటూ అతని మొహం చూసింది.

"బావా, మొకం నల్లబడిపోనాది. కూసేపు కూకో."

"ఏటీ నేదు. రాత్రి ఎండుసేప తిన్నాను. పైత్యం."

ఆ మాట అన్నాడే గానీ, టీ వేళకి వెళ్లి పెరటి తలుపు దగ్గర నిలబడ్డాడు. గునపం, పార, తట్ట అన్నీ పైనే వదిలేసి వచ్చాడు.

"అమ్మా, ఒట్టి సేతుల్తో ఉన్నాను. మట్టి ఆ సందులోంచే మోత్తాను. కాళీగా ఎనక్కెల్లేటప్పుడు మట్టుకు ఇంట్లోంచి ఎల్లనియ్యమ్మా. అక్కడ ఊపిరాడతం నేదు."

సుధారాణి అతని కాళ్ల వైపు చూసింది. పిక్కల దాకా నల్లటి బురద, వేళ్ల సందుల్లో చెప్పరానిదేదో. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఆ కాళ్లతోటా?"

ఆమెకి అసహ్యం వేసింది. తన కాళ్లు చూసుకుని కూర్మయ్యకీ వేసింది. సందులో నడిచాడు కాబట్టి కాళ్లు అలా ఉన్నాయి. కాళ్లు అలా ఉన్నాయి కాబట్టి సందులోనే నడవాలి.  కూర్మయ్య "సరేనమ్మా" అని వెనక్కి తిరిగాడు.

వజ్రపుకొత్తూరు దగ్గర సొంత కొబ్బరిచెట్లు ఉన్నన్నాళ్లూ అతను ఎవరితోనూ అంతగా "సరేనమ్మా" అనలేదు. తుఫానుకి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. కిడ్నీ జబ్బుతో పెళ్లాం పోయింది. ఆ తర్వాతే మట్టిపనికి ఈ పలాస, కాశీబుగ్గల వైపు రావడం మొదలుపెట్టాడు. ఎవరింటికి పునాది తీసినా, గోడలు లేచేదాకే అతనికి అందులో చోటు. ఆ తర్వాత వీధిలోంచి చూడాల్సిందే. ఒకసారి ఎవరిదో సెప్టిక్ ట్యాంకు గొయ్యి తవ్వి, నీడగా ఉందని అందులోనే కూర్చుని చద్దన్నం తిన్నాడు. ఆ సంగతి నవ్వుతూ చెప్పుకునేవాడు. వినేవాళ్లకి మాత్రం నవ్వు వచ్చేది కాదు.

మధ్యాహ్నం పని మళ్లీ మొదలయ్యాక, గట్టు రాయి కుదురుస్తూ కుదురుస్తూ వెనక్కి ఒరిగిపోయాడు. చెయ్యి గుండె మీదకి పోయింది. ఒళ్లంతా చల్లటి చెమట. మహాలక్ష్మి అతన్ని చంకల కింద పట్టుకుని, జారుతూ లాగుతూ పెరటి తలుపు దాకా దించింది.

"అమ్మా, తలుపు తియ్యి. బావకి బాగునేదు. బేగి రోడ్డు మీదకి తీసుకుపోవాల."

సుధారాణి కిటికీలోంచి చూసింది. ఆమె చెయ్యి గడియ మీదకి వెళ్లింది కూడా. అంతలో హాల్లోంచి శ్యాంసుందర్ వచ్చి ఆపాడు.

"ఆగవే. లోపలికొచ్చాక పోతే ఏటి సేత్తావు? ఇవాళ నచ్చత్రమేటో పంతులుగారిని అడగనీ."

కొన్ని నక్షత్రాల్లో ఇంట్లో మనిషి పోతే నెలల తరబడి ఆ ఇల్లు వదిలేసి పోవాలి. పాలు పొంగించి ఇంకా ఏడాది తిరగలేదు. పంతులుగారు ఎక్కడో పెళ్లి చేయిస్తున్నారు, ఫోను ఎత్తడం లేదు. శ్యాంసుందర్ మళ్లీ చేశాడు, మళ్లీ చేశాడు. అతను మరీ చెడ్డవాడేమీ కాదు. ఆ మధ్యలోనే కారు తీయమని డ్రైవరుకి చెప్పాడు. ఆస్పత్రి ఖర్చు తనదేనని మహాలక్ష్మికీ చెప్పాడు, కిటికీ ఊచల వెనక నుంచి. ఛీ, అలాంటి మంచితనం కన్నా నాలుగు తిట్లు నయం.

కూర్మయ్యకి అన్నీ వినబడుతూనే ఉన్నాయి.

"కొత్తిల్లు కదే," అన్నాడు మహాలక్ష్మితో. "సందులోంచే పోదాం."

"నోర్ముయ్ బావా," అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ.

చివరికి కారు డ్రైవరే సందులోంచి వచ్చాడు. చెక్క మీద పడుకోబెట్టి మోద్దామంటే ఆ ఇరుకులో చెక్క తిరగదు. వీపున వేసుకున్నాడు. మహాలక్ష్మి వెనక నుంచి ఆనించి పట్టుకుని, వేలాడుతున్న చెయ్యి తన భుజం మీద వేసుకుంది. మురుగులో జారుతూ, గోడలకి రాసుకుంటూ నడిచారు. సందు సగం దాటేసరికి ఆమె భుజం మీది చెయ్యి బరువెక్కింది. ఆమె డ్రైవరుకి చెప్పలేదు. రోడ్డెక్కేదాకా "వచ్చేసినాం బావా" అంటూనే ఉంది.

కారు సీటు మీద పడుకోబెడుతుండగా పంతులుగారు ఫోను చేశారు. మంచి నక్షత్రమే, ఏ దోషమూ లేదన్నారు. శ్యాంసుందర్ వీధి గుమ్మంలో నిలబడి విన్నాడు. సరేనండి అన్నాడు. ఆ తర్వాత పెళ్లాం మొహం వైపు చూడలేక వీధి వైపే చూస్తూ ఉండిపోయాడు.

చీకటి పడుతుండగా సుధారాణి వంటింట్లో లైటు వేసి, పాలు పొయ్యి మీద పెట్టబోయి ఆగిపోయింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక కూర్మయ్య జాడించుకుని, బయట నుంచి వంటింటి కిటికీ ఊచకి ఆరేసుకున్న చొక్కా ఇంకా అక్కడే ఉంది. దాన్ని తీసేవాళ్లు లేరు. కొండ మీది గాలికి చొక్కా చెయ్యి ఒకటి ఊచల మధ్య నుంచి లోపలికి వచ్చి, పొయ్యి గట్టు మీద చాపుకుని ఉంది.