అట్లతద్ది నాటి అబద్ధం

నేను ఒక సినిమా ప్రొజెక్టరును. థియేటర్లో కులాసాగా కూర్చునే రకం కాదు, ప్రభుత్వ ప్రచార వ్యానులో ఊరూరా కుదుపులు తిన్న చిన్నదాన్ని. ఎక్కడో చలిదేశంలో పుట్టాను. ఓడ దిగాక నన్ను ఆపరేటర్ దక్షిణామూర్తి చేతికిచ్చారు. తన కళ్లజోడు తుడవడం మరిచేవాడేమో గానీ నా లెన్సు తుడవడం ఏనాడూ మరవలేదు.

గోదావరి లంకల్లో గుడ్డతెర కట్టి మలేరియా బొమ్మలు, ఎరువుల బొమ్మలు వేసేవాళ్లం. జనం కదలకుండా ఉండాలని చివర్లో ఓ పౌరాణికం ముక్క వేసేవాళ్లం. తెరమీద దేవుడు ఎగిరితే లేచి హారతి ఇచ్చేవారు. అరవై తొమ్మిదిలో మనిషి చంద్రుడి మీద దిగిన రీలు వచ్చింది. దక్షిణామూర్తి దాన్ని తానే దిగి వచ్చినంత గర్వంగా వేసేవాడు.

ఆ రీలు పెదమొండిలంకలో వేసింది అట్లతద్ది నాడు. బొమ్మ అయిపోయే వేళకు కొబ్బరిచెట్ల మీదుగా చంద్రుడు లేచాడు. ఆడవాళ్లంతా తలెత్తి చూసి మొక్కారు, ఒక్క పల్లాలమ్మ తప్ప. కొత్తగా పెళ్లైన పిల్ల. మొగుడు క్షయతో కాకినాడ ఆసుపత్రిలో ఉన్నాడు. అట్ల పళ్లెం నేలమీద పెట్టేసి మా దగ్గరికి వచ్చింది.

"బూటుకాళ్లతో తొక్కేశారు కదా బాబూ! మైలపడ్డ చంద్రుడికి మొక్కితే మా ఆయన బతుకుతాడా?"

పొద్దుటి నుంచి మంచినీళ్లయినా ముట్టని మనిషి. దక్షిణామూర్తి రీలు చుట్టడం ఆపాడు.

"ఎవరూ దిగలేదమ్మా, ఎవరూ తొక్కలేదు. పౌరాణికాలకి వేసినట్టే ఇదీ సెట్టింగేసి తీసిన సినిమా. నువ్వు బెంగెట్టుకోక చంద్రుణ్ణి చూసి తిను తల్లీ" అన్నాడు.

ఆమె తిన్నది. ఆర్నెల్లకు మొగుడు నడిచి ఇంటికొచ్చాడు. నిజం గడప దాటేలోగా అబద్ధం ఊరంతా తిరిగొస్తుందంటారు. ఇది పక్క లంకలు కూడా తిరిగింది.

వీడియోలొచ్చి నా పని పోయింది. వేలంలో దక్షిణామూర్తే నన్ను పాడుకుని మంచం కింద పెట్టుకున్నాడు. నెలకోసారి నూనె వేసేవాడు. ఆ అట్లతద్దికి యాభై ఏళ్లు దాటాక పల్లాలమ్మ మనవడు లోవరాజు ఫోనులో ఓ వీడియో పెట్టాడు. "చంద్రుడి గుట్టు అప్పుడే విప్పిన ప్రభుత్వోద్యోగి" అని దాని పేరు. లక్షలమంది చూశారట. ముసలాయనకు అన్నం సయించలేదు. చచ్చేలోగా ఆ ఒక్క మాటా వెనక్కి తీసుకోవాలని నన్ను ఆటోలో ఎక్కించుకుని పెదమొండిలంక హైస్కూలుకు వచ్చాడు.

"ఆ రోజు నేను అబద్ధమాడాను నాయనా. మనుషులు దిగింది నిజం. ఆ పిల్ల ఆకలితో ఉంటే చూళ్లేక అలా అన్నాను" అని పిల్లలందరి ముందూ చెప్పాడు.

సంగతి తెలిసి వచ్చి వెనక కూర్చున్న లోవరాజు ఫోనెత్తి పట్టుకుని లేచాడు. "అప్పుడు అబద్ధమాడానని మీరే అంటున్నారు. ఇప్పుడు ఆడట్లేదని గ్యారంటీ ఏంటండీ? ఎవరు బెదిరించారు మిమ్మల్ని?"

పిల్లలు చప్పట్లు కొట్టారు. దక్షిణామూర్తి నా లెన్సు ఒక్కసారి తుడిచాడు. మళ్లీ మోసుకెళ్లే ఓపిక లేక నన్ను అక్కడే వదిలి వెళ్లాడు. ఆ వానాకాలంలోనే పోయాడు. ఎనభై నాలుగేళ్ల మనిషి పోతే, "నిజం చెప్పినందుకేనా?" అని లోవరాజు ఇంకో వీడియో చేశాడు. మనుషుల తెలివికి నా బల్బు వెలుగు చాలదు.

బడివాళ్లు నన్ను పాత బెంచీలతో పాటు తీసేస్తుంటే లోవరాజే ఇంటికి పట్టుకుపోయాడు. అతని గదిలో, వీడియోలో పడేలా వెనక బల్ల మీద పెట్టాడు. "ప్రపంచాన్ని మోసగించిన యంత్రం" అని అట్ట కట్టి, పైన ప్లాస్టిక్ దండ కూడా వేశాడు. ఒక్క రోజూ నూనె మాత్రం వెయ్యలేదు.

మొన్న అట్లతద్దికి పల్లాలమ్మ ఆ గదిలోకి వచ్చింది. నడుం వంగిపోయింది. నన్ను చూసి గుర్తుపట్టి, కొంగుతో నా లెన్సు తుడిచింది.

"మామ్మా, ఆయన సెట్టింగన్నాడని మళ్లీ ఓసారి చెప్పు" అన్నాడు లోవరాజు, ఫోను స్టాండుకు తగిలించి.

"అన్నాడ్రా, సెట్టింగేసి తీశారన్నాడు. నా చేత తినిపించడానికన్నాడు. అబద్ధమని నాకప్పుడే తెలుసు. ఆ బాబు గొంతు వణికిపోయింది. నా కోసం అంత తాపత్రయపడ్డాడు కదా అని తినేశాను. అంతేగానీ, మనుషులు దిగలేదని నేనెప్పుడన్నాన్రా?"

ఈ మాట వినాల్సిన మనిషి ఇప్పుడు లేడు. నాకు కళ్లుంటే ఏడ్చేదాన్ని.

లోవరాజు ఫోను ఆపాడు. "వెనక ముక్క వద్దు మామ్మా. మొదటి ముక్క చాలు."

ఆ రాత్రి చంద్రుడు లేచేసరికి ఆ మొదటి ముక్కను లక్షమంది చూశారు. అందులో ఆమె వెనకాల, మెడలో దండతో, సాక్షిగా నేనూ ఉన్నాను.