ఏడో కాగితం

ఆఫీసు నుంచి వచ్చే ఏ కాగితం మీదా పెద్ద సిస్టరుకు నమ్మకం లేదు. ఇరవై రెండేళ్లుగా ఆసుపత్రిలో ఆడవాళ్ల వార్డు ఆమె చేతి మీదుగానే నడుస్తోంది. అందుకే, 'మీ జట్టు పనికి మీరే మార్కులు వేసుకోండి' అంటూ ఏడు ఫారాలు వచ్చినప్పుడు, ఇందులో ఏదో మెలిక ఉందనుకుంది. పేరు రాయనక్కర్లేదట, ఉన్నదున్నట్టు రాయాలట. కింది వార్డులో పోయిన ఏడాది ఇలాంటి లెక్కలేవో తీశాకే ఇద్దరికి ఉద్యోగాలు ఊడాయి.

ఆమె నలుగురు నర్సుల్నీ ఇద్దరు ఆయాల్నీ మందుల గదిలోకి పిలిచి, అన్నింటికీ ఐదుకి ఐదు వేసి పెట్టెలో పడేయమని చెప్పింది. అందరూ తలలూపారు.

సాయంత్రం మార్కులు కూడదామని పెట్టె తెరిచింది. ఆరు కాగితాల నిండా ఐదులే. ఏడో దాంట్లో మాత్రం, 'డ్యూటీ మారేటప్పుడు రోగుల వివరాలు సరిగా అప్పగిస్తున్నామా?' అన్న ప్రశ్న ఎదురుగా ఒకటి వేసి ఉంది. ఒక్క నిలువు గీత. అందులో చేతిరాత పోల్చుకోవడానికేముంది?

ఆమె అనుమానం నేరుగా కొత్త నర్సు మీదికి పోయింది. వచ్చి మూడు నెలలే అయింది. అడిగినదానికి తప్ప మాట్లాడదు. రెండుసార్లు ఆఫీసు గదిలోంచి వస్తూ కనబడింది. మన మధ్య ఉండి మన గుట్టు మోసేది ఇదేనని పెద్ద సిస్టరు ఇంటికెళ్లి మొగుడితో చెప్పింది.

"ఆ కాగితంలో ఉన్నది నిజమో కాదో ముందు చూడు," అన్నాడాయన.

"నువ్వూ వాళ్ల పక్షమేనా?" అని ఆమె ఆ రాత్రంతా ఆయనతో సరిగా మాట్లాడలేదు.

ఫారాలు పంపడానికి ఇంకా వారం గడువుంది. ఈలోగా దొంగను పట్టాలనుకుని, డ్యూటీ మారే రెండు గంటల వేళకి రోజూ దుప్పట్ల బీరువా దగ్గర నిలబడి, లెక్కపెడుతున్నట్టు నటిస్తూ చెవులు రిక్కించేది. మొదటిరోజు కొత్త నర్సు పుస్తకం చూసి ఒక్కో రోగి సంగతీ చెబుతుంటే, వినాల్సినామె జడకు పిన్నులు పెట్టుకుంటూ ఊకొట్టింది. రెండోరోజు ఇంకొకామె, "అంతా మామూలే," అనేసి బస్సు కోసం పరుగెత్తింది. ఇవన్నీ కళ్లారా చూసినా పెద్ద సిస్టరు బుర్రకెక్కలేదు. ఆమె వెతుకుతున్నది వేరు.

నాలుగోరోజు పన్నెండింటికి ఫోనొచ్చింది. తొమ్మిదో మంచం పెద్దావిడ ఆపరేషన్ రేపటికి మారిందట, ఆమెకు తిండి పెట్టేయమన్నారు. ఫోనెత్తిన పెద్ద సిస్టరు సరేనంది. సరిగ్గా అప్పుడే కొత్త నర్సు కాగితాలేవో పట్టుకుని ఆఫీసు వైపు వెళ్లడం కంటబడింది. పెద్ద సిస్టరు వెనకాలే వెళ్లి తలుపు పక్కన కాచుకుంది. తీరా చూస్తే అవి సెలవు కాగితాలు. తిరిగొచ్చేసరికి ఫోను సంగతి మనసులోంచి జారిపోయింది.

నాలుగు గంటలకు పెద్ద ఆయా కేక వేసింది. తొమ్మిదో మంచం పెద్దావిడ ఒళ్లంతా చెమటలు, పిలిస్తే పలకడం లేదు. చక్కెర జబ్బు మనిషి, రాత్రి నుంచి కడుపులో మెతుకు లేదు. ఆ పూట ఎక్కువసేపు ఉన్న కొత్త నర్సు పరుగున వచ్చి రక్తంలో చక్కెర చూసి, నరం దొరకబుచ్చుకుని గ్లూకోజు ఎక్కించింది. పావుగంటకు ఆవిడ కళ్లు తెరిచింది.

అప్పగించని కబురు ఎవరిదో పెద్ద సిస్టరుకు తెలుసు.

పెద్ద ఆయా ఆమెను పక్కకు తీసుకెళ్లింది. "ఆ గీత నాదే సిస్టరమ్మా. మీరు డ్యూటీలు మారాక, తినొచ్చా, నీళ్లు తాగొచ్చా అని రోగులు అడిగేది నన్నే. నేనెవర్నడిగినా పొద్దుటివాళ్లకి తెలుసంటారు. మిగతా ప్రశ్నలు నాకు తెలీదు, మీరు చెప్పినట్టే ఐదులేశాను. ఇదొక్కటి తెలుసు."

"నాతో ఎందుకు చెప్పలేదు ఆయమ్మా?"

"మీరెప్పుడూ అడగలేదు కదమ్మా. కాగితం అడిగింది."

పెద్ద సిస్టరు కొత్త నర్సు దగ్గరికెళ్లి, నిన్ను అనుమానించానని ఉన్నమాట చెప్పేసింది. ఆ పిల్ల తల వంచుకునే, "దుప్పట్లు అన్నిసార్లు లెక్కపెడుతుంటే తెలిసింది సిస్టర్," అంది.

మర్నాడు పెద్దావిడ కొడుకు ఎదుట తప్పు తనదేనని పెద్ద సిస్టరు ఒప్పుకుంది. అతను అరిచిందంతా నిలబడి వింది. పాత ఫారాలు చించేసి కొత్తవి తెప్పించింది. ఈసారి ఎవరికీ ఏమీ చెప్పలేదు. అప్పగింతల దగ్గర తను ఒకటి వేసుకుంది, ఇంకో నలుగురు రెండు దాటలేదు. అప్పటినుంచి రెండు గంటలకు ఇద్దరు నర్సులూ మంచం మంచానికీ వెళ్లి, రోగి వింటుండగానే వివరాలు చెప్పుకోవడం మొదలైంది. బస్సు తప్పుతోందని ఒకామె సణిగింది గానీ, మానలేదు.

పది రోజులకు ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. అన్ని వార్డుల్లోకీ మీకే తక్కువ మార్కులు వచ్చాయన్నాడు అధికారి.

"అయితే ఎవర్ని తీసేస్తారు?" అని ఆమె సూటిగా అడిగింది.

ఎవరినీ తీయమనీ, మంచాల దగ్గర మీరు మొదలుపెట్టిన అప్పగింతల గురించి విన్నామనీ, కింది వార్డువాళ్లు వచ్చి ఆ పద్ధతి చూస్తారనీ అతనన్నాడు. ఆమె ఆ మాట సగమే నమ్మింది. అయినా మర్నాడు కింది వార్డు నర్సులిద్దరు వస్తే, వాళ్లను మొదట తొమ్మిదో మంచం దగ్గరికి తీసుకెళ్లి, ఆ రోజు తాను మరిచిపోయిన కబురు గురించి దాచకుండా చెప్పింది.