మధ్యకు వెళ్ళే మనిషి

నిదానం ఉలి మీద మరో దెబ్బ వేశాడు. పెద్ద పెచ్చు ఊడి, చెంపను గీరుకుంటూ వచ్చి కింద పరిచిన గోనెపట్టా మీద పడింది. టీవీ బిగించే చోటు నుంచి మూలనున్న అలమర దాకా కటింగ్ మిషన్‌తో రెండు గీతలు కోసి, వాటి నడుమ ఇటుకను తవ్వి గాడి తీస్తున్నాడు. కళ్ళజోడు నిండా దుమ్ము. నోరు మూసుకునే ఉన్నా పళ్ళ సందున ఇటుక పొడి కరకరలాడుతోంది.

పైన సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా కింద నుంచి ఎవరో కర్రతో కప్పును పొడుస్తున్నారు. ఆ పోటు అతని అరికాళ్ళకు తెలుస్తోంది.

“మా అన్న. పట్టించుకోకండి,” అన్నాడు ఇంటాయన.

మేడ మీద వాటా తమ్ముడిది, కింది వాటా అన్నది. తమ్ముడు ఈ గదిని సినిమా హాలులా మార్చుకుంటున్నాడు. గోడంత టీవీ అట్టపెట్టెలోంచి బయటికొచ్చి, దుప్పటి కప్పుకుని ఎదుటి గోడకు ఆనుకుని ఉంది. నాలుగు మూలలా స్పీకర్లు. ఒక్క వైరు కూడా కంటికి కనబడకూడదని అతని పట్టు. వైర్లు వేలాడుతుంటే పేగులు బయటపడ్డట్టు ఉంటుందట.

నిదానం అసలు పేరు అతనికి పని ఇప్పించే వైర్ల దుకాణంలో కూడా ఎవరికీ గుర్తులేదు. ఎవరు గొంతు పెంచినా “నిదానం, నిదానం” అంటూ వాళ్ళ మధ్యకు వెళ్ళడం వల్ల ఆ మాటే పేరయింది. సన్నటి మనిషి, పొడుగు చేతులు. దుకాణం ముందు ఇద్దరు ఆటోవాళ్ళు కొట్టుకుంటుంటే అడ్డం వెళ్ళినందుకు కుడిచెవి అంచు నలిగి ముడుచుకుపోయింది. ఎడమ చిటికెనవేలు వంగదు. అది బావ విరిచింది. అక్కను జుట్టు పట్టుకుని వాకిట్లోకి ఈడుస్తున్న రోజున, మీసాలింకా సరిగా రాని ఈ తమ్ముడు వెళ్ళి ఇద్దరి నడుమా నిలబడ్డాడు. విరిగిన వేలితోనే అక్కను ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పటి నుంచీ ఆమెకు అతనే ఇల్లు, అతనికి ఆమే ఇల్లు. పెళ్ళి మాట ఎత్తితే వచ్చే పిల్లకూ అక్కకూ పడకపోతే మధ్యలో తనే నలగాలని నవ్వేసేవాడు.

దెబ్బలాటలో దూరినవాడికే రెండు ఎక్కువ పడతాయని అక్క ఎన్నిసార్లు చెప్పిందో. ఊళ్ళో తగవులన్నీ నీ వీపు మీదే తీరాలా అని తిడుతూనే కాపడం పెట్టేది.

గాడి పూర్తయ్యింది. సుత్తిని కిటికీ గట్టు మీద పెట్టి, గాడిలో పైపులు కూర్చి, వాటిలోంచి స్ప్రింగు తోశాడు. అవతలి కొస బయటికొచ్చాక దానికి వైర్లు కట్టి లాగాలి. టీవీ వైరును స్ప్రింగుకు ముడి వేస్తుండగా మెట్ల మీద అడుగులు దడదడలాడాయి. తలుపు గోడకు కొట్టుకుని మళ్ళీ వెనక్కొచ్చింది.

అన్న లావుపాటి మనిషి. మెట్లెక్కిన ఆయాసంతో గది మధ్య నిలబడి, చీలిన గోడను చూశాడు. 

“అమ్మ పోయేదాకా ఆ గోడవారనే పడుకుందిరా,” అన్నాడు.

అమ్మ మంచం ఏదని అడిగాడు. పాత సామాన్లవాడికి ఇచ్చేశానన్నాడు తమ్ముడు. తనకొక మాట చెప్పి ఉండవచ్చు కదా అన్నాడు అన్న. చెబితే ఆ మంచం మీదా వాటా అడిగేవాడివన్నాడు తమ్ముడు. మాటకు మాట పెరిగింది. ఎవరు ఏ ఏడు ఎవరిని ఏమన్నారో అంతా బయటికొచ్చింది.

“ఆమె మూలిగినన్నాళ్ళూ ఒక్క రాత్రి పక్కన కూర్చున్నావా? నీకెందుకు మంచం?” అన్నాడు తమ్ముడు.

అన్న చెయ్యి ముందు లేచింది. తమ్ముడి పెదవి చిట్లింది. తమ్ముడు స్పీకరు నిలబెట్టే ఇనపకడ్డీ అందుకుని అన్న భుజం మీద బలంగా కొట్టాడు. ఇద్దరూ పెనుగులాడి అలమర మీద పడ్డారు, అద్దం పగిలింది. ఒకడి గుడ్డలు ఒకడు పట్టుకుని, చిన్నపిల్లల్లా కరుచుకుంటూ, రక్కుకుంటూ గోనెపట్టా మీద దొర్లారు. లేచేసరికి అన్న చేతికి కిటికీ గట్టు మీది సుత్తి దొరికింది. అతను నేరుగా టీవీ వైపు నడిచాడు. తమ్ముడు కడ్డీ ఎత్తి అడ్డం వచ్చాడు. ఇప్పుడిక సుత్తి టీవీ కోసం కాదు.

నిదానం భుజాన వైర్ల చుట్టతోనే మధ్యకు వెళ్ళాడు.

“నిదానం బాబూ, నిదా...”

సుత్తి అతని చెవి పైభాగాన తగిలింది. చప్పుడు పెద్దగా ఏమీ కాలేదు. మోకాళ్ళ మీద కూలబడి, కిందపడిన కళ్ళజోడు కోసం తడుముకున్నాడు.

 అన్న సుత్తిని గోనె మీద మెల్లగా పెట్టాడు, అది నిద్రలేస్తుందేమో అన్నట్టు. తమ్ముడు డాక్టరు దగ్గరకు వెళదామన్నాడు. నిదానం చెవి తడిమి చూసుకున్నాడు. నెత్తురు పెద్దగా లేదు. ఇంతకన్నా పెద్దవి తిన్నానన్నాడు. పని సగంలో వదిలితే గోడ నోరు తెరుచుకుని ఉంటుందనీ, పూర్తిచేసే వెళతాననీ అన్నాడు.

అన్న నీళ్ళు తెచ్చాడు. వెళ్ళిపోకుండా అక్కడే నిలబడ్డాడు. టార్చి పట్టమంటే పట్టాడు. తమ్ముడు చిట్లిన పెదవితోనే వైర్లు అందించాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు గానీ, వైరు బిగుసుకున్నచోట ఇద్దరూ కలిసి లాగారు. రెండు పైపులెందుకని అన్న అడిగాడు.

“కరెంటు వైరు, సౌండు వైరు ఒకే పైపులో పడేస్తే పోరు పెడతాయి బాబూ, గుయ్‌మంటాయి. దేని పైపు దానికి ఉంటే, ఒకే గోడలో ఉన్నా గొడవుండదు.”

అన్న తలొంచుకుని గాజుపెంకులు ఏరడం మొదలుపెట్టాడు.

అలమర వెనక వైర్లను జడల్లా దువ్వి, ట్యాగులతో కట్టి, గాడిని సిమెంటుతో పూడ్చి, టీవీ బిగించేసరికి ఎండ వాలింది. మధ్యలో ఒకసారి నిదానం, అక్కడ ఎన్ని స్పీకర్లని అడిగాడు. కాసేపాగి మళ్ళీ అదే అడిగాడు. అన్నదమ్ములు ఆ గదిలో మొదటిసారి ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నారు. టీవీలో వెలుగు వచ్చింది. ఎక్కడా ఒక్క వైరు కనబడలేదు. నిదానం తల ఊపి, సంచి భుజాన వేసుకుని దిగి వెళ్ళిపోయాడు.

బస్సు ఆగే స్తంభం దగ్గర వాంతి అయ్యింది. లోపల నెత్తురు కారుతూ మెదడును నొక్కుతోందని అతనికి తెలియదు. వెలుతురు కళ్ళలో గుచ్చుకుంటోందని బస్సులో అరచేతులతో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

గుమ్మంలోకి రాగానే అక్క అతని పాదాల వంక చూసింది. దుమ్ముకొట్టుకుని, బొటనవేలు చీరుకుపోయి ఉన్నాయి.

“చెప్పులేవిరా?”

అతను కిందికి చూశాడు. ఎవరి కాళ్ళో అన్నట్టు చాలాసేపు చూశాడు.

“ఎక్కడో ఉంటాయక్కా.”

అక్కకు అర్థమైంది. గడ్డం పట్టుకుని తల పక్కకు తిప్పింది. చెవి పైన బుడిపె కోడిగుడ్డంత ఉంది.

“ఇవాళెవరి మధ్యకు పోయావు?”

“అన్నదమ్ములు.”

“తగ్గారా?”

“తగ్గారు,” అని మంచం మీద వాలి కళ్ళు మూసుకున్నాడు.

ఆమె తిట్టుకుంటూ నీళ్ళు కాచింది. బట్ట ముంచి, పిండి, వేళ్ళు కాలుతుంటే ఊదుకుంటూ వచ్చేసరికి అతని చెయ్యి మంచం పక్కకు జారి వేలాడుతోంది. చిన్నప్పుడు తను మాత్రమే పిలిచే పేరుతో పిలిచింది. భుజం కుదిపింది. జీవితంలో తనెన్నడూ చెయ్యి చేసుకోని తమ్ముణ్ణి చెంప మీద కొట్టింది, మళ్ళీ కొట్టింది. అతను కళ్ళు తెరవలేదు.

అదే వేళకు మేడ మీద గదిలో అన్నదమ్ములిద్దరూ చెరో కుర్చీలో కూర్చుని ఉన్నారు. టీవీలో ఎవరో ఎవరినో తరుముతున్నారు.  అన్న లేచి వెళ్ళలేదు. సినిమా అయ్యాక కిందికి దిగబోతూ పైమెట్టు మీద చెప్పుల జత చూశాడు. రేపు వస్తాడులే అనుకుని, ఎవరూ తొక్కకుండా గోడవారకు జరిపాడు. మడమల దగ్గర అరిగి పల్చబడిన చెప్పులు. ఎడమదానికి తెగిన పట్టీ బదులు ఎర్ర వైరు ముక్క కట్టి ఉంది, కొసలు బయటికి కనబడకుండా లోపలికి మడిచి.