అత్యవసర కాల్స్ మాత్రమే

నేను ఒక చిన్న లాప్‌టాప్‌ని. కాదు, ఒక పెద్ద ఫోన్‌ని. రెండింటిలో ఏదో ఒకటి తేల్చి చెప్పమని మీరూ అడుగుతారని నాకు తెలుసు. ఆ సంగతి తేలకనే ఒక ఆడపిల్ల చదువు ఏడాది పాటు మట్టికొట్టుకుపోయింది. కాబట్టి నేను మీతో మర్యాదగా, మెత్తగా మాట్లాడతానని మాత్రం ఆశపడకండి.

నన్ను పుట్టించినవాళ్ల ఆలోచనలో తప్పేమీ లేదు. ఫోన్లో ఉండే మెదడునే తెచ్చి, మీటలూ మూతా ఉన్న ఒంట్లో పెట్టారు. ఫోన్లో నడిచే సాఫ్ట్‌వేరే నాలోనూ నడుస్తుంది. మూత తీస్తే చాలు, మేలుకుంటాను. పెద్ద లాప్‌టాప్‌లలా ఒళ్లు వేడెక్కి రొప్పను. పొద్దున ఛార్జింగు పెడితే పొద్దుగూకేదాకా అలసిపోను. పక్కన సిమ్ము పెట్టుకునే సందు కూడా ఉంది. ఇన్ని సుగుణాలు ఒకచోట చేరితే జనం ఎగబడి కొంటారని వాళ్లు అనుకున్నారు. మనిషి గుణం చూసి కాదు, పేరు చూసి కొంటాడని పాపం వాళ్లకెవరూ చెప్పినట్టు లేదు.

కరీంనగర్‌లో ఒక దుకాణంలో నన్ను మొదట ఫోన్ల అరలో పెట్టారు. "గింత పెద్ద ఫోన్ జేబుల ఎట్ల పడ్తది?" అని నవ్వారు. లాప్‌టాప్‌ల బల్ల మీదికి మార్చారు. "గింత చిన్నదేంది, పోరగాండ్లు ఆడుకునేదా?" అని అక్కడా నవ్వారు. రెంటికీ చెడ్డ రేవడినై చివరికి మిక్సీల పక్కన దుమ్ము పట్టాను. అక్కణ్నుంచి నన్ను కొనుక్కుపోయిన ఇన్సూరెన్సు ఏజెంటు, తన ఆఫీసు ప్రోగ్రాం నాలో ఎక్కడం లేదని నానా తిట్లూ తిట్టి పాత సామాన్ల దుకాణంలో పారేశాడు. ఎద్దును కొనుక్కొచ్చి పాలివ్వలేదని ఏడ్చే రకం.

ఆ దుకాణంలో నన్ను చూసి ఆగినవాడు రాజేశం. జమ్మికుంటలో టెంట్ హౌస్ నడుపుతాడు. పెళ్లికీ, చావుకీ, సభకీ షామియానాలూ కుర్చీలూ కిరాయికిస్తాడు. అతని కూతురు రవళి వెంట ఉంది. ఆమె కుడిచేతి వేళ్లు పుట్టుకతోనే అతుక్కుని ఉన్నాయి. కలం పట్టి రాయగలదు గానీ, పరీక్షలో తోటివాళ్లు పేజీ తిప్పేసరికి ఆమె ఇంకా నాలుగో వాక్యంలో ఉంటుంది. రవళి నా మూత తీసి, ఎడమచేతి వేళ్లూ కుడిచేతి బొటనవేలూ నా మీటల మీద పెట్టి ఏదో కొట్టింది. మాట వెంట మాట పడుతూ పోయింది. రాజేశం కళ్లు తుడుచుకుని, బేరం కూడా ఆడకుండా నన్ను చంకన పెట్టుకున్నాడు. నన్ను చూసి నవ్వనివాళ్లు నా బతుకులో ఆ ఇద్దరే.

డిగ్రీ ఆఖరి ఏడాది పాఠాలన్నీ రవళి నాలోనే రాసుకుంది. టీచరు కావాలని ఆమె కోరిక. బీఈడీ ప్రవేశపరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకుంది. డిగ్రీ పాసయితే సీటు ఆమెదే. ఆ రోజుల్లోనే రాజేశం ఫోను ట్రాక్టరు టైరు కింద పడి నుగ్గయింది. మరోటి కొనేదాకా అని తన సిమ్ము తెచ్చి నాలో వేశాడు. గిరాకీ ఫోను వస్తే నన్ను అద్దంలా తెరిచి ముఖానికెదురుగా పెట్టుకుని, వరంగల్ దాకా వినపడేలా "హలో" అనేవాడు. నాకు చిన్నతనం అనిపించలేదు. రెండు పనులూ చేతనైనదాన్ని, రెండూ చేశాను.

పరీక్షలు రాగానే ఆ తండ్రి తనంతట తనే పిన్నీసుతో సిమ్ము తీసి, బామ్మర్ది దగ్గర అడిగి తెచ్చుకున్న ఫోన్లో వేసుకున్నాడు. "పరీక్ష హాల్ల ఫోన్ మోగద్దు బిడ్డా, తప్పు," అన్నాడు. లాప్‌టాప్ మీద రాసుకోవచ్చని కాలేజీ ముందే అనుమతి ఇచ్చింది. మొదటి పరీక్షలు సాఫీగా జరిగాయి. ఆఖరి పరీక్షకు కాపలా వచ్చినవాడు జనార్దన్ సారు.

ఆయన రవళి వెనక నిలబడి నా తెర మీదికి వంగాడు. సిమ్ము లేనప్పుడు నా నొసటిమీద ఒక వరుస కనిపిస్తుంది. పుట్టుకతో వచ్చిన రాత, నేను చెరుపుకోలేను. 'సిమ్ లేదు. అత్యవసర కాల్స్ మాత్రమే.'

"ఏందమ్మా ఇది? కాల్స్ అంటున్నది?"

"లాప్‌టాపే సార్. లోపల ఫోన్ సాఫ్ట్‌వేర్ ఉంటది. సిమ్ము తీసేసినం. నెట్టు కూడ లేదు, చూడుండ్రి."

"లాప్‌టాప్‌కు సిమ్ము సందు ఎందుకుంటది? నాకు చెప్తున్నవా? ఇది ఫోన్. ఫోన్ లోపలికి రావద్దు."

ఆమె అనుమతి కాగితం చూపించింది. "దాంట్ల లాప్‌టాప్ అని ఉన్నది, ఫోన్ అని లేదు," అని నన్ను గుంజుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఆయన చొక్కా జేబులో ఫోను మోగింది. హాల్లోనే నిలబడి ప్లాటు బేరం మాట్లాడుకున్నాడు. ఆ దొరగారి జేబులోది మాత్రం ఫోను కాదు కాబోలు!

కబురందుకుని రాజేశం పరుగెత్తుకొచ్చాడు. తన దగ్గరున్న గట్టి సాక్ష్యమేదో అదే చూపించాడు. బామ్మర్ది ఫోను వెనక మూత ఊడబీకి, సిమ్ము అరచేతిలో పెట్టి చాపాడు.

"ఇగో సార్, దీని సిమ్ము నా దగ్గర్నే ఉన్నది. నేనే తీసిన. నీ కాల్మొక్త, పిల్లను రాయనియ్యుండ్రి."

"అంటే ఇంట్ల దీంట్ల సిమ్మేసి మాట్లాడుతరన్నట్టే గదా. ఫోనని నువ్వే ఒప్పుకుంటున్నవ్."

నిజాయితీగా తెచ్చి చూపిందే నేరానికి రుజువైపోయింది. రాజేశం సిమ్మును గుప్పిట్లో మూసుకున్నాడు. నన్ను బల్ల సొరుగులో పడేసి తాళం వేశారు. రవళికి ఒక కలం ఇచ్చారు. ఆమె గంట కొట్టేదాకా రాసింది. సగం కూడా కాలేదు. ఆ పేపరు పోయింది, దాంతో సీటూ పోయింది. నాకు దవడలు లేవు గానీ, ఉంటే ఆ సొరుగును కొరికి ముక్కలు చేసేదాన్ని.

ఇంటికొచ్చాక రాజేశం ఉక్రోషంతో సిమ్మును మళ్లీ నాలోనే దోపాడు. "ఫోన్ అన్నరు గద! ఫోన్ లెక్కనే పడి ఉండనియ్." ఆ కోపం నా మీద కాదని తెలుసు. తన మీదే. నేను టెంట్ హౌస్‌లో కుర్చీల దొంతుల మధ్య, మైకు సెట్టు పక్కన మోగుతూ బతికాను. రవళి నావైపు చూసేది కాదు.

ఒకరోజు పొద్దున రాజేశం ఏదో పెళ్లికి పందిరి వేయడానికి పోయాడు. దుకాణంలో రవళి ఒక్కతే ఉంది. నేను మోగాను. ఆమె మూత తీసి హలో అంది.

"హలో, రాజేశం టెంట్ హౌసేనా? నేను కాలేజీ జనార్దన్ సార్‌ను మాట్లాడుతున్న. మా అమ్మ పోయిందమ్మా..." ఏడ్చేశాడు.

నిజం చెప్పమంటారా? నాకు జాలి కలగలేదు. ఆ కాల్ తెంచేయాలనిపించింది. కానీ పాడు పుట్టుక, ఆయన ఏడుపును ఒక్క వెక్కు కూడా పోకుండా రవళి చెవికి చేరవేశాను.

రవళి వేళ్లు నా మీటల మీదికొచ్చాయి. ఆయన చెబుతుంటే కొట్టుకుంటూ పోయింది. షామియానా, కుర్చీలు, నీళ్ల డ్రమ్ము, పాత టాకీసు వెనక సందు. మాట మీద మాట పడింది, ఒక్కటీ తప్పు లేదు.

"సార్, చదువుత. సరిగ్గున్నదా వినుండ్రి." చదివింది.

"సరిగ్గున్నదమ్మా."

"సార్, నేను రవళిని. హాల్ల మీరు గుంజుకున్నదాంట్లనే మాట్లాడుతున్న. దాంట్లనే రాసుకున్న. గిప్పుడు చెప్పుండ్రి. ఇది ఫోనా, లాప్‌టాపా?"

నేను ఎదురుచూశాను. తప్పయిందంటాడేమో అని సిగ్గులేకుండా ఆశపడ్డాను కూడా.

"టెంటు జల్ది వస్తది గదమ్మా?" అన్నాడాయన.

"వస్తది సార్. చావింటికి మేం నీడ ఆపం."

ఆ సాయంత్రం ఆమె పిన్నీసు పెట్టి సిమ్ము బయటికి లాగింది. "బాపూ, కొత్త ఫోన్ కొనుక్కో. సప్లిమెంటరీ ఉన్నది. దీంతోని నాకు పనున్నది." రాజేశం సిమ్ము అందుకున్నాడు. నా నొసట మళ్లీ ఆ వరుస వెలిగింది. రవళి మైకు వైర్లకు చుట్టే నల్ల టేపు తెచ్చి, పంటితో ఒక ముక్క తెంపి, దాని మీద అతికించి బొటనవేలితో గట్టిగా రుద్దింది.

నా ముఖం మీద మసి పూసినట్టయింది. ఆమెను పరీక్ష హాలు లోపలికి రానివ్వడానికి నేను నా పుట్టుక దాచుకోవాలట. దాస్తాను. ఆమె కోసం దాస్తాను. కానీ ఒక్కటి తెలుసుకోండి. టేపు కింద ఆ మాట ఆరిపోలేదు.